మా సెక్షన్‌లోని బధిర సహోద్యోగితో మర్యాదగా మాట్లాడటం ఎలా?

హంద్రీ_ఒడ్డు

కర్నూలులోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో నేను సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. నాలుగు నెలల క్రితం మా సెక్షన్‌లో ఒక బధిర యువకుడు జూనియర్ అసిస్టెంటుగా చేరాడు. పుట్టుకతోనే వినికిడి లేదు. సైగల భాష బాగా వచ్చు, తెలుగు రాస్తాడు, కంప్యూటరు మీద మా అందరికంటే వేగంగా పనిచేస్తాడు. అయినా ఈ నాలుగు నెలల్లో మేము అతనికి అప్పగించింది టప్పాలు, అంటే కార్యాలయానికి వచ్చే ఉత్తరాలు, విప్పి ఇన్‌వార్డు రిజిస్టరులో ఎక్కించడం, కవర్లకు చిరునామాలు అంటించడం మాత్రమే. ఏదైనా చెప్పవలసి వస్తే అతని ఊరివాడైన అటెండరును పిలిచి "వాడికి ఇది చెప్పు" అంటాము. ఆ అటెండరుకు వచ్చినవి నాలుగైదు సైగలే.

పోయిన శుక్రవారం టీ వేళ మేమంతా ఏదో మాటకు గట్టిగా నవ్వాము. ఏమిటి విషయం అన్నట్టు అతను నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. "ఏం లేదులే" అని చెయ్యి ఊపాను. కాసేపటికి అతను ఒక చీటీ రాసి నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. "అక్కా, ఏమీ లేకుండానే రోజూ ఇంత నవ్వు వస్తుందా?" అని ఉంది. సోమవారం నుంచి అతను టీకి రావడం లేదు. ఆ చీటీ ఇంకా నా పర్సులోనే ఉంది, పారవేయడానికి చేయి రావడం లేదు. తప్పు చేశామని తెలుసు. దిద్దుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పండి.

ఆదోని_పత్తి

వెళ్లి క్షమించమని అడగండి. అటెండరును మధ్యలో పెట్టకుండా మీరే అడగండి.

రిటైర్డ్_సూపరింటెండెంట్

ముప్పై రెండేళ్ల సర్వీసులో నా కింద కూడా ఒక బధిర ఉద్యోగి పనిచేశారు. ఆయనకూ టప్పాల సీటే ఇచ్చాను, అందులో చులకన ఏమీ లేదు. ఫోను ఎత్తలేని వారికి, సోమవారం అర్జీలతో వచ్చే జనంతో మాట్లాడలేని వారికి బాధ్యత గల సీటు ఇస్తే, పని ఆగినప్పుడు మాట పడేది సూపరింటెండెంటే. ఆయనను ఇబ్బంది పెట్టకూడదనే ఉద్దేశంతోనే తేలిక పని ఇచ్చాము. కార్యాలయంలో ఇరవై మంది సైగలు నేర్చుకోవడం జరిగే పని కాదు. పెదవుల కదలికను బట్టి మాటలు గ్రహించే శిక్షణ ఉంటుందని విన్నాను. ఆ ఒక్కరు అది నేర్చుకుంటే అందరికీ సులువు కదా అని నా అభిప్రాయం. టీ వేళ జరిగినది మాత్రం బాధాకరమే.

సప్తగిరి_సర్కిల్

ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆ అబ్బాయికి తెలుగు చదవడం, రాయడం వచ్చని చెబుతున్నారు. చెప్పవలసినదంతా రాసి చూపితే సరిపోతుంది. మా అనంతపురం ఆఫీసులో వినపడేవారమే అయినా పక్క బల్లవారికి కూడా వాట్సాప్‌లోనే చెబుతాము.

పుష్పగిరి89

నేను బధిరుడిని. కడపలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. రిటైర్డ్_సూపరింటెండెంట్ గారి పోస్టును మూడుసార్లు చదివిన తరువాత ఇది రాస్తున్నాను. అందులో చెడు ఉద్దేశం లేదని నాకు అర్థమైంది. అయితే సరిగ్గా అటువంటి మంచి ఉద్దేశం వల్లనే నేను ఉద్యోగంలో మొదటి మూడేళ్లు కవర్లకు స్టాంపులు అంటిస్తూ గడిపాను.

ఫోను సీటు వద్దని మేమే చెబుతాము. ఫైలు సీటు వద్దని మేము ఎన్నడు చెప్పాము? జీతాల బిల్లులు, బడ్జెటు పట్టికలు, సర్వీసు రిజిస్టర్లు, ఇవన్నీ కళ్లతోనూ చేతులతోనూ జరిగే పనులు. నాలుగో ఏట కొత్తగా వచ్చిన అధికారి ఒక కాగితం మీద "మీకు ఏ సీటు కావాలి?" అని రాసి నా ముందు పెట్టారు. అంతవరకు నా గురించి అందరూ ఒకరినొకరు అడిగి నిర్ణయించారు తప్ప, నన్ను అడిగినవారు లేరు. నేను జీతాల బిల్లుల సీటు కోరుకున్నాను. నేటికీ అదే సీటులో ఉన్నాను.

పెదవులు చదవడం గురించి చెబుతాను. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు నాకు అదే నేర్పారు. మాట్లాడేది తెలిసిన మనిషి అయి, విషయం ముందే తెలిసి, వెలుగు ఆ మనిషి ముఖం మీద పడుతూ, ఒక్కరే మాట్లాడుతున్నప్పుడు నాకు చాలా వరకు అందుతుంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా మిగిలేది ఊహే. సమావేశంలో ఎవరు మాట్లాడుతున్నారో తల తిప్పి వెతుక్కునే లోపలే ఆ మాట అయిపోతుంది. రెండు గంటలు అలా చూస్తూ కూర్చుంటే సాయంత్రానికి కళ్లు మండుతాయి. అర్థం కాకపోయినా తల ఊపడం అప్పుడే అలవాటవుతుంది. మీ సహోద్యోగి ప్రతిదానికీ తల ఊపుతూ ఉంటే, అతనికి అంతా అర్థమైందని మాత్రం అనుకోకండి.

హంద్రీ_ఒడ్డు గారూ, మీ పోస్టులో నన్ను ఎక్కువగా బాధించినది "వాడికి ఇది చెప్పు" అనే మాట. మిగిలిన జూనియర్ అసిస్టెంట్లను మీరు "వాడు" అని పిలుస్తారా? మాకు వినపడదు కనుక మర్యాద తగ్గినా తెలియదని చాలామంది అనుకుంటారు. అటెండరు ముఖం చూస్తే మాకు అంతా తెలిసిపోతుంది.

హంద్రీ_ఒడ్డు

మిగిలిన జూనియర్ అసిస్టెంట్లను నేను "వాడు" అనను, పుష్పగిరి89 గారూ. ఆ తేడా మీరు చూపించేవరకు నా దృష్టికి రాలేదు.

తాడిపత్రి_టీచరు

బధిర పిల్లలకు చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. పెదవులు చదవడం ఎందుకు కష్టమో తెలియాలంటే, అద్దం ముందు నిలబడి గొంతు బయటికి రాకుండా "పాట", "బాట", "మాట" అని పలికి చూడండి. మూడింటికీ పెదవులు ఒకే తీరుగా కదులుతాయి. వాటి మధ్య తేడా గొంతులోనూ ముక్కులోనూ ఉంది, అది ఎదుటివారి కంటికి అందదు. "కాలం", "గాలం" అనే మాటల మొదటి అక్షరాలు నోటి వెనుక భాగంలో పుడతాయి కనుక అసలు కనబడవు. దీనికి తోడు గుబురు మీసాలు, నోట్లో వక్కపొడి, మాట్లాడుతూనే ఫైలులోకి తల వంచడం ఉండనే ఉన్నాయి. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న అధికారి ముఖం నీడలో పడి నల్లగా కనిపిస్తుంది. కరెంటు పోతే ఆ సంభాషణ అక్కడితో ఆగినట్టే.

రాసి చూపితే సరిపోతుందన్న సప్తగిరి_సర్కిల్ గారికి కూడా ఒక మాట చెప్పాలి. వినపడే పిల్లలు బడికి రాకముందే అయిదేళ్లపాటు తెలుగును విని ఉంటారు. పుట్టు బధిరులైన పిల్లల్లో చాలామంది మొదటిసారి తెలుగును కలిసేది పలక మీదే. సైగల భాష వారికి మొదటి భాష అయితే, తెలుగు చదివి నేర్చుకున్న రెండో భాష అవుతుంది. ఇక మన కార్యాలయాల తెలుగు ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. "సదరు విషయమై తక్షణమే నివేదిక సమర్పించవలసిందిగా కోరడమైనది" అనే వాక్యంలో ఎవరు, ఏమి, ఎప్పటికి ఇవ్వాలో ఒక్కటీ తేలదు. "ఈ రిపోర్టు రేపు సాయంత్రం 4 గంటలలోపు నాకు ఇవ్వండి" అని రాస్తే అందరికీ తెలుస్తుంది. తేదీలు, అంకెలు, పేర్లు, ఊళ్లు మాత్రం ఎప్పుడైనా రాసే చూపాలి. "ఇరవై", "అరవై" పెదవుల మీద తారుమారు కావడం వల్ల జరిగిన పొరపాట్లు నేను చాలా చూశాను.

పుష్పగిరి89

టీచరు గారితో ఒక విషయంలో విభేదిస్తున్నాను. చిన్న వాక్యాలు అందరికీ అవసరం లేదు. నేను రోజూ దినపత్రిక సంపాదకీయం చదువుతాను. మా కార్యాలయంలో కొత్తగా చేరిన ఒక సోదరి నాకు ఒకటో తరగతి పిల్లవాడికి రాసినట్టు "ఫైలు. ఇవ్వండి. తొందర." అని రాసేవారు. చదివిన ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. పూర్తి వాక్యం రాయమని కోరాను, అప్పటి నుంచి ఆమె అలాగే రాస్తున్నారు. బధిరులందరి చదువూ ఒకే తీరుగా ఉండదు.

తాడిపత్రి_టీచరు

ఒప్పుకుంటున్నాను. నా దగ్గర చదివిన పిల్లలను బట్టి చెప్పాను. మీ ఉదాహరణ కూడా తప్పక గుర్తుంచుకోవాలి.

దేవునికడప

నా సంగతి వేరు. ముప్పై అయిదేళ్ల వయసులో జ్వరం వచ్చి తగ్గిన తరువాత నా వినికిడి క్రమంగా పోయింది. ఒక చెవికి వినికిడి యంత్రం పెట్టుకుంటాను. మాట స్పష్టంగా వస్తుంది కనుక నాకు వినపడదంటే మా ఆఫీసులో ఎవరూ నమ్మరు. "నిన్న బాగానే మాట్లాడావు కదా, ఇవాళ వినపడలేదంటావేమి" అని మొహం మీదే అడిగారు. నిన్న గదిలో ఇద్దరమే ఉన్నాము. ఇవాళ రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ప్రింటరు నడుస్తోంది, నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నారు. కళ్లద్దాలు పెట్టుకోగానే చూపు సరిపడినట్టు యంత్రం పెట్టుకోగానే వినికిడి సరిపడదు. అది మాటతో పాటు ఫ్యాను చప్పుడును కూడా పెంచుతుంది. అరిచి చెబితే మాట చెదిరిపోతుంది, పైగా అరిచేవారి ముఖం కోపంగా కనబడుతుంది. నన్ను ఏదో తిడుతున్నారని పక్క సెక్షన్ వాళ్లు వచ్చి చూసిన సందర్భాలు కూడా ఉన్నాయి.

నాకు సైగల భాష రాదు. అయినా నాకు వినపడదని తెలియగానే కొందరు చేతులు గాలిలో తిప్పుతూ ఏదో మొదలుపెడతారు. మామూలు గొంతుతో, మామూలు వేగంతో, ముఖం చూపిస్తూ మాట్లాడితే నాకు చాలు. ఒకసారి అర్థం కాకపోతే అదే వాక్యాన్ని మళ్లీ మళ్లీ అనకుండా మాటలు మార్చి చెబితే తొందరగా అందుతుంది.

హంద్రీ_ఒడ్డు గారు "ఏం లేదులే" అన్నారని చదివినప్పుడు చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా ఇంట్లో కూడా రోజూ వినే మాట అదే. "తర్వాత చెబుతాలే" అనేది రెండోది. ఆ తర్వాత ఎప్పుడూ రాదు.

ఆలూరు_అమ్మ

మా అమ్మాయి బధిరురాలు, ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు చూస్తుంది. దేవునికడప గారు చెప్పిన "తర్వాత చెబుతాలే" అనే మాట నేను కూడా నా బిడ్డతో అన్నాను. పెళ్లి ఇంట్లో అందరూ నవ్వుతుంటే నా కొంగు లాగి అడిగేది, చెబుతాలే అనేదాన్ని. ఇప్పుడు ఆమె అడగడం మానేసింది. అడుగుతున్నంత కాలం అదృష్టమే. కనుక హంద్రీ_ఒడ్డు గారూ, ఆ అబ్బాయి చీటీ రాసి పెట్టాడంటే మీ మీద ఇంకా ఆశ ఉందని నేను అనుకుంటున్నాను.

ఇంకో మాట. ఆఫీసులో అందరూ మా అమ్మాయిని చూసి "పాపం" అంటారట. చేసిన చిన్న పనికి కూడా చప్పట్లు కొడతారట. పని బాగుంటే బాగుందని, తప్పు ఉంటే తప్పు ఉందని పక్కవారికి చెప్పినట్టే తనకూ చెప్పమని ఆమె కోరిక. తప్పు చెప్పకపోతే ఇంక్రిమెంటు ఎందుకు రాలేదో తెలిసేది ఎలా?

సప్తగిరి_సర్కిల్

రాసి చూపితే సరిపోతుందని తేలికగా అన్నాను. ఇప్పుడు అలా అనలేను. అసలు ఏ మాట వాడాలో కూడా నాకు సందేహంగా ఉంది. చెవిటి అనకూడదని తెలుసు. బధిరుడు అనాలా, వినికిడి లోపం ఉన్నవారు అనాలా, దివ్యాంగుడు అనాలా, విభిన్న ప్రతిభావంతుడు అనాలా?

పుష్పగిరి89

నన్ను బధిరుడు అనండి, అది నాకు ఇష్టం. సైగల భాష మాట్లాడే మా మిత్రుల్లో చాలామందికి "లోపం" అనే మాట నచ్చదు, ఎందుకంటే మాకు ఒక భాష ఉంది, అందులో మేము అన్నీ మాట్లాడుకుంటాము. "విభిన్న ప్రతిభావంతుడు" ప్రభుత్వ శాఖ పేరులో ఉన్నది కనుక కాగితాల మీద వస్తుంది, ఎదురుగా నిలబడి ఎవరూ అలా పిలవరు. "మూగ" అని మాత్రం అనకండి. మాకు గొంతు ఉంది, నవ్వితే వినపడుతుందని మా ఆవిడ చెబుతుంది.

దేవునికడప

నాకైతే "వినికిడి తగ్గింది" అంటే చాలు. బధిరురాలు అంటే ఎవరి గురించో చెబుతున్నట్టు ఉంటుంది. పుష్పగిరి89 గారికి నచ్చిన మాట నాకు సరిపడదు, నా మాట ఆయనకు సరిపడదు. మమ్మల్ని అడిగి పిలవండి. చాలాసార్లు పేరు పెట్టి పిలిస్తే ఆ ప్రశ్నే రాదు.

ఆదోని_పత్తి

"చెవిటివాని ముందు శంఖం ఊదినట్టు" అని మా మేనేజరు ప్రతి సమావేశంలోనూ అంటారు. మా హాలులో ఒక బధిర ఉద్యోగి కూర్చుని ఉంటారు. ఆయనకు వినపడదు, మిగిలినవారందరం మాత్రం ఆయన వైపే చూస్తాము. ఈ చర్చ చదివాక మేనేజరుకు ఆ సామెత మానమని చెప్పాలని నిర్ణయించుకున్నాను.

గుత్తి_కోట

నేను న్యాయవాదిని కనుక చట్టం వైపు నుంచి నాలుగు మాటలు రాస్తాను. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం కేటాయించాలని, అందులో 1 శాతం బధిరులకు, వినికిడి తగ్గినవారికి చెందాలని 34వ సెక్షన్ చెబుతుంది. రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్స్ వినికిడి నష్టం ఉంటే బధిరులుగా, 60 నుంచి 70 వరకు ఉంటే వినికిడి తగ్గినవారుగా ఆ చట్టం లెక్కిస్తుంది.

సూపరింటెండెంట్ గారి మాటకు నేరుగా సంబంధించినది 20వ సెక్షన్. ఉద్యోగం ఇవ్వడంతో ప్రభుత్వ కార్యాలయం బాధ్యత తీరిపోదు. ఆ ఉద్యోగి పని చేయగలిగేలా తగిన సర్దుబాట్లు కల్పించాలి. వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో పదోన్నతి నిరాకరించకూడదు. ఇరవై ఏళ్లు టప్పాలు మాత్రమే చూసిన ఉద్యోగికి పదోన్నతి వచ్చిననాడు "ఫైలు పని తెలియదు" అనే మాట వస్తుంది. ఆ తెలియకపోవడానికి కారకులు ఎవరు? 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయంలోనూ ఇటువంటి ఫిర్యాదులు వినే అధికారి ఒకరు ఉండాలి. మీ కార్యాలయంలో ఆ అధికారి ఎవరో ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. అందరి ఎదుట ఉద్దేశపూర్వకంగా అవమానిస్తే 92వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 5 ఏళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా ఉన్నాయి.

మాటలతో నడిచే పని బధిరులకు కుదరదని అనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది, సైగలను మాటల్లోకి, మాటలను సైగల్లోకి మార్చి చెప్పే ఇంటర్‌ప్రెటర్ సహాయంతో సుప్రీం కోర్టు విచారణలో పాల్గొన్నారు. మా వృత్తి అంతా మాటలే.

రిటైర్డ్_సూపరింటెండెంట్

గుత్తి_కోట గారు చెప్పిన సెక్షన్లు నా సర్వీసులో నేను చదవలేదు. పుష్పగిరి89 గారి పోస్టు చదివిన తరువాత నిన్న రాత్రి నాకు ఒక పాత విషయం జ్ఞాపకం వచ్చింది. నా కింద పనిచేసిన ఆ ఉద్యోగి నేను మాట్లాడుతున్నంతసేపూ రెప్ప వేయకుండా నా ముఖంలోకి చూసేవారు. మా తరంలో పై అధికారి ముందు తల వంచి నిలబడటమే అలవాటు. ఇతనికి పొగరు ఎక్కువని నేను అనుకున్నాను, ఒకసారి అందరి ముందూ ఆ మాట అన్నాను కూడా. ఆయన నా పెదవులు చూస్తున్నారని, చూపు తిప్పితే నా మాట ఆయనకు అందదని ఇన్నేళ్ల తరువాత తెలుస్తోంది. ఆయన ఇప్పుడు డోన్‌లో ఉంటున్నారని విన్నాను.

అయినా అర్జీల రోజు విషయంలో నా అభిప్రాయం మారలేదు. పల్లె నుంచి వచ్చిన చదువురాని ముసలమ్మ రాయలేదు, సైగ చేయలేదు. అక్కడ వినపడేవారు ఉండాలి.

పుష్పగిరి89

మీరు చెప్పింది నిజమే సార్, ఆ కౌంటరులో ఒంటరిగా కూర్చోవాలని నేనూ కోరను. పక్కన ఒకరు అర్జీ విని, రెండో కుర్చీలో నేను దానిని కంప్యూటరులో ఎక్కించే పద్ధతి మా దగ్గర రెండేళ్లుగా నడుస్తోంది. మీ పాత ఉద్యోగి డోన్‌లో ఉంటే ఒకసారి వెళ్లి కలవండి. ముఖంలోకి చూసి మాట్లాడండి.

ఎర్రగుంట్ల_వాసి

సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు బాధ్యత చూస్తాను. మా దగ్గర మర్యాదతో పాటు ప్రాణం సంగతి కూడా ఉంటుంది. ఒక బధిర ఎలక్ట్రీషియన్ చేరినప్పుడు, వెనుక నుంచి వచ్చే లోడరు హారను వినపడదని భద్రతా విభాగం వారు అతని హెల్మెట్ మీద "వినపడదు" అని పెద్ద అక్షరాలతో స్టిక్కరు అంటించారు. మరునాడు అతను దానిని గీకేసి వచ్చాడు. క్రమశిక్షణ చర్య అన్నారు. నేను అతనిని కూర్చోబెట్టి కాగితం, పెన్ను ఇచ్చాను. "డ్రైవర్లకు తెలియాలి, అంతే కదా. అందరికీ ఎందుకు చూపాలి? డ్రైవర్లందరికీ నన్ను పరిచయం చేయండి" అని రాశాడు. మూడు షిఫ్టుల డ్రైవర్లకూ పరిచయం చేశాము, అరగంట పట్టింది. లోడరుకు తిరిగే దీపం పెట్టించాము, సైరన్‌తో పాటు వెలిగి ఆరే ఎర్ర దీపం కూడా బిగించాము. ఆ దీపం వల్ల మిల్లు హోరులో సైరను వినపడని మా అందరికీ మేలు జరిగింది. ప్రమాదం వస్తే అతని భుజం తట్టి బయటికి తీసుకువచ్చే మనిషి ఎవరో ప్రతి షిఫ్టులోనూ ముందే అనుకుంటాము. ఆ మనిషిని అతనే ఎంచుకుంటాడు.

హంద్రీ_ఒడ్డు

భుజం తట్టడం అన్నారు కనుక అడుగుతున్నాను. మా దగ్గర నలుగురు ఆడవాళ్లం ఉన్నాము. ఆ అబ్బాయిని తాకి పిలవడానికి మాకు మొహమాటం, అతనికీ ఇబ్బందిగా ఉంటుందేమో. ఒకరు కాగితపు ఉండ విసిరి పిలుస్తారు, నాకు అది నచ్చదు.

తాడిపత్రి_టీచరు

కాగితాలు విసరడం ఈరోజే మాన్పించండి. ఎదురుగా వెళ్లి, అతని చూపు అందే చోట నిలబడి చెయ్యి కొద్దిగా ఊపండి. లేదా అతని బల్ల మీద రెండుసార్లు తట్టండి, చెక్క అదురు చేతికి తెలుస్తుంది. గదిలో చాలామంది ఉంటే లైటు స్విచ్ ఒకసారి వేసి తీయడం బధిరుల మధ్య మామూలు పద్ధతే. ఇద్దరు సైగలతో మాట్లాడుకుంటుంటే మధ్యలో ఆగి నిలబడకుండా దాటి వెళ్లిపోవచ్చు. వెనుక నుంచి వచ్చి హఠాత్తుగా తాకితే మాత్రం ఎవరైనా ఉలిక్కిపడతారు.

నాలుగైదు సైగలతో ఆగిపోకుండా రోజుకు రెండు నేర్చుకోండి. ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2018లో 3,000 మాటలతో ఒక నిఘంటువు తెచ్చి, 2021 నాటికి దానిని 10,000 మాటలకు పెంచింది. వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. తెలుగువారికి అందులో ఒక సౌలభ్యం ఉంది. ఆ భాషలో ప్రశ్న మాట చివరికి వస్తుంది, క్రియ కూడా చివరికే వస్తుంది. "మీ పేరు ఏమిటి" అని మనం ఏ వరుసలో అంటామో వారూ అదే వరుసలో సైగ చేస్తారు. కష్టమంతా ముఖం దగ్గరే వస్తుంది. అవునా, కాదా అని అడిగేటప్పుడు కనుబొమలు ఎత్తాలి, అది వ్యాకరణంలో భాగం. మన ఆఫీసుల్లో ముఖం బిగించి కూర్చోవడం అలవాటు కనుక చేతులు సరిగ్గా కదిలినా అడుగుతున్నామో చెబుతున్నామో ఎదుటివారికి తెలియదు.

సప్తగిరి_సర్కిల్

గూగుల్ వారి లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే యాప్ తెలుగు మాటలను అప్పటికప్పుడు తెర మీద అక్షరాలుగా చూపుతుంది. ఆండ్రాయిడ్ ఫోనులో ఉచితమే.

దేవునికడప

నేను రోజూ వాడతాను. ఒక్కరే నిదానంగా మాట్లాడితే బాగా పనిచేస్తుంది. ఇద్దరు కలిసి మాట్లాడితే కలగాపులగం చేస్తుంది, మన ఊళ్ల పేర్లు చాలావాటిని తప్పుగా రాస్తుంది. ఫోను ముందు పెట్టి మీరు అటు తిరిగి మాట్లాడవద్దు, చూపు మనిషి మీదే ఉండాలి. ఇంటర్‌ప్రెటర్ వచ్చినప్పుడు కూడా ఇంతే. "ఆయనను అడగండి" అని ఇంటర్‌ప్రెటరుతో చెప్పకుండా, ఆయన వైపే చూసి ఆయననే అడగాలి.

పుష్పగిరి89

వాట్సాప్ గ్రూపుల్లో అధికారులు పెట్టే వాయిస్ మెసేజీల గురించి ఎవరూ రాయలేదు. మా గ్రూపులో ఒక రోజు వరుసగా తొమ్మిది వచ్చాయి. అందులో ఒకటి మరునాటి తనిఖీకి సంబంధించినదట. నేను తప్ప అందరూ సిద్ధమై వచ్చారు. టెలికాన్ఫరెన్సులు కూడా అంతే. అందులో చెప్పిన నాలుగు ముఖ్యమైన మాటలను ఎవరో ఒకరు అదే గంటలో టైపు చేసి గ్రూపులో పెడితే చాలు. మా కార్యాలయంలో ఇప్పుడు వంతులవారీగా పెడుతున్నారు. సెలవులో ఉన్నవారు కూడా అవే చదువుకుంటున్నారు.

హంద్రీ_ఒడ్డు

మూడు రోజులుగా రాయలేదు, క్షమించండి. మంగళవారం ఉదయం అందరూ రాకముందే వెళ్లి అతని ఎదుట కూర్చున్నాను. ముందుగానే ఒక కాగితం మీద రాసుకుని తెచ్చుకున్నాను. శుక్రవారం మేము నవ్విన మాట ఏమిటో పూర్తిగా రాశాను, అది మా సెక్షన్‌లో ఒకరి మనవడు బడిలో చేసిన అల్లరి సంగతి. అతనిని "వాడు" అన్నందుకు, నాలుగు నెలలు ఏమీ అడగనందుకు క్షమించమని రాశాను. అతను చదివి, ముందు ఆ మనవడి సంగతికి నవ్వాడు. తరువాత కాగితం తిప్పి వెనుక వైపు రాశాడు. పెన్షను ఫైళ్ల పని నేర్చుకోవాలని ఉందట. మా సూపరింటెండెంటుకు చెబితే, మొదట కొంచెం వెనుకాడి, ఈ నెల పది ఫైళ్లు నా దగ్గర కూర్చుని చూడమని ఒప్పుకున్నారు. నిన్నటికి మూడు అయ్యాయి. రెండో ఫైలులో నేను వేసిన కూడిక తప్పు పట్టుకున్నాడు. టీకి ఇంకా రాలేదు. రమ్మని ఒత్తిడి చేయడం లేదు.

అటెండరు కూడా ఎన్నాళ్లుగానో తనకు తెలియని పనిని తన మీద పెట్టామని, ఇక వదిలిపోయిందని సంతోషించాడు.

ఆలూరు_అమ్మ

తప్పు పట్టుకున్నాడని రాశారు చూడండి, అది చదివి నాకు చాలా ఆనందం కలిగింది.

ఎర్రగుంట్ల_వాసి

ఒక ప్రశ్న. అతని బల్ల గోడ వైపు ఉందా, తలుపు వైపు ఉందా?

హంద్రీ_ఒడ్డు

గోడ వైపు. తలుపుకు వీపు పెట్టి కూర్చుంటాడు.

ఎర్రగుంట్ల_వాసి

వచ్చేవారెవరూ కనబడరు, రోజంతా ఉలిక్కిపడుతూ ఉంటాడు. తలుపు వైపు ముఖం వచ్చేలా రేపే తిప్పించండి.

తాడిపత్రి_టీచరు

అవును, వెంటనే తిప్పించండి.

హంద్రీ_ఒడ్డు

తిప్పించే ముందు అతనిని వాట్సాప్‌లో అడిగాను. నేరుగా తలుపు వైపు వద్దట, వరండాలో వెళ్లే ప్రతివారూ కనబడి పని మీద ధ్యాస నిలవదట. కిటికీ తన వెనుక వచ్చేలా అడ్డంగా వేస్తే వెలుగు ఎదురుగా నిలబడే మా ముఖాల మీద పడుతుందట, తలుపు ఓరకంటికి అందుతుందట. కొలతలతో చిన్న పటం కూడా గీసి పంపాడు. ఉదయం పది గంటలకు ముగ్గురం కలిసి బల్ల జరుపుతున్నాము.